నలభై మూడేళ్ల ముఖం

ఇరవై రెండేళ్ల పిల్లకు ముడతలు చూపించడం తేలికైన పని కాదు. లేనివి ఎక్కణ్ణుంచి తెస్తాం? అందుకే ముందు నవ్వమంటాను. నవ్వితే కళ్ల చివర్లలో ఎవరికైనా గీతలు పడతాయి, మూడేళ్ల పిల్లకైనా పడతాయి. అట్లాగే ఆగమని చెప్పి, పదింతలు పెద్దగా చూపించే అద్దం ముఖం ముందు పెడతాను. ఇవి ఇప్పుడు నవ్వితేనే కనిపిస్తున్నాయి, ఇంకో పదేళ్లకు నవ్వకపోయినా కనిపిస్తాయి అంటాను. ఆ తర్వాత ఆ పిల్ల మా గదిలో ఉన్నంతసేపూ నవ్వదు. అప్పటికి ప్యాకేజీ సగం అమ్ముడుపోయినట్టే.

నా పేరు అనూష. హన్మకొండ నయీంనగర్‌లో ఒక స్కిన్ క్లినిక్‌లో కౌన్సెలర్‌ని. డాక్టరమ్మ వారానికి రెండు రోజులు వచ్చి పోతుంది. తక్కిన రోజుల్లో తెల్లకోట్లు వేసుకున్న మేమే డాక్టర్లం. నేను చదివింది డిగ్రీ, అందులోనూ కెమిస్ట్రీ ఇప్పటికీ పాసవలేదు. అయినా రెటినాల్ గురించీ కొల్లాజెన్ గురించీ నేను మాట్లాడుతుంటే చదువుకున్న వాళ్లు కూడా నోరు మూసుకొని వింటారు.

మా ఓనరు పద్మలత మేడంది తాతల నాటి నుంచి బట్టల వ్యాపారం చేసిన కుటుంబం. జబ్బున్న మనిషి తగ్గేదాకే వస్తాడనీ, జబ్బేమీ లేక భయం మాత్రమే ఉన్న మనిషి ఎప్పటికీ వస్తూనే ఉంటాడనీ ఆమె క్లినిక్ తెరిచిన మొదటి నెలలోనే కనిపెట్టింది. అప్పటి నుంచి మొటిమల వాళ్ల మీద శ్రద్ధ తగ్గించి 'ముందు జాగ్రత్త' ప్యాకేజీ పెట్టింది. పద్దెనిమిది నుంచి ఇరవై ఐదేళ్ల వాళ్లకు మాత్రమే. ముసలితనం మొదలవకముందే ఆపేస్తామన్న మాట. ఆపామో లేదో తెలియడానికి ముప్పై ఏళ్లు పడుతుంది కాబట్టి ఎవరూ వచ్చి కొట్లాడరు.

ఈ పని నాకు బాగా వచ్చింది, ఎందుకంటే నా భయం నటన కాదు. నాకు ఇరవై నాలుగేళ్లు. రాత్రి సీరం, పొద్దున సన్‌స్క్రీన్, మూడు గంటలకొకసారి మళ్లీ సన్‌స్క్రీన్. అన్నం తినడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ ఇవి మరిచిపోయిన రోజు లేదు. నేను మా అమ్మను చూస్తూ పెరిగాను.

మా అమ్మ చిలుకమ్మ. నెక్కొండ దగ్గర మా ఊళ్లో కూలి చేస్తుంది. వానాకాలం నాట్లు, తర్వాత పత్తి ఏరడం, ఎండాకాలం మిరపకాయ ఏరడం. నాకు బుద్ధి తెలిసేసరికే ఆమె బుగ్గల మీద నల్లగా మంగు పట్టి ఉండేది. మెడ మీద గీతలు, ఆ గీతల సందుల్లో మాత్రం అసలు రంగు. మిరపకాయ ఏరిన చేతులతో ముఖం తుడుచుకొని తుడుచుకొని కళ్ల కింది తోలు వదులైపోయింది. స్కూల్లో సంతకం పెట్టడానికి వస్తే టీచరు "మీ నానమ్మ వచ్చింది" అని నన్ను పిలిచింది. నేను కాదని చెప్పలేదు. ఐదో తరగతిలోనే నాకంత తెలివి ఉంది.

మా అమ్మకు అసలు వయసెంతో ఊళ్లో ఇద్దరికి మాత్రం కచ్చితంగా తెలుసు, ఒకటి మా అమ్మ, రెండు ప్రేమలత. ప్రేమలత మా ఊరి పటేలు బిడ్డ. మా అమ్మ వాళ్ల నానమ్మ మంత్రసాని. ఒక గురువారం నాడు పటేలు ఇంట్లో ప్రేమలతకు బొడ్డు కోసి, అదే వారం ఆదివారం నాడు తన ఇంట్లో మా అమ్మకు బొడ్డు కోసింది. ఒకే కొడవలి అని మా అమ్మ చెప్పుకునేది. ఈ ముచ్చట నేను వెయ్యిసార్లు విని ఉంటాను. బతుకు మొత్తంలో మా అమ్మ గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. ప్రేమలత చదువుకుంది, ఆమె పదో తరగతి మెమోలో పుట్టిన తేదీ ఉంది. దాని ప్రకారం ఇద్దరికీ నలభై మూడు.

కానీ మా అమ్మ ఆధార్ కార్డులో యాభై తొమ్మిది. ఊళ్లో ఆధార్ క్యాంపు పెట్టినప్పుడు పుట్టిన తేదీ అడిగితే మా అమ్మ గురువారం, ఆదివారం, కొడవలి అని మొదలుపెట్టిందట. వెనకాల లైను పెరిగిపోతోంది. రాసుకునే మనిషి ఆమె ముఖం ఒకసారి చూసి నలభై ఆరేళ్లు వేసుకున్నాడు. అప్పటికి ఆమెకు ముప్పై. మా నాయిన మొండయ్యకు ఐదో తరగతి టీసీ ఉంది కాబట్టి ఆయన వయసు సరిగ్గానే పడింది. కార్డుల ప్రకారం మా నాయిన తనకంటే పదకొండేళ్లు పెద్దదాన్ని చేసుకున్నాడు. ఇది చెప్పుకొని మా ఇంట్లో చాలా ఏళ్లు నవ్వుకున్నాం.

రెండేళ్ల కింద ఆ తప్పు వల్లనే మా అమ్మకు వృద్ధాప్య పింఛన్ వచ్చింది. యాభై ఏడు దాటితే ఇస్తారు, కార్డులో దాటింది. ఆమె ముఖం చూసి ఎవరూ మారుమాట అనలేదు. దరఖాస్తు నింపింది నేనే. ఎవరు ఎప్పుడు అడిగినా కార్డులో ఉన్న వయసే చెప్పాలనీ, అసలు వయసు నోరు జారితే పింఛన్ పోతుందనీ, కేసు కూడా అవుతుందనీ బెదిరించి మరీ నేర్పించాను. మా నాయిన ట్రాక్టరు మీది నుంచి పడి నడుము పోగొట్టుకొని ఇంట్లోనే ఉంటాడు. ఆ పింఛన్ వచ్చినప్పటి నుంచి మా అమ్మ మే నెలలో ఎండలోకి పోవడం మానేసింది. చెట్టు కింద మంచం వేసుకొని మధ్యాహ్నం పడుకోవడం అనేది ఆమె నలభై ఒకటో ఏట నేర్చుకుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఫిబ్రవరిలో పద్మలత మేడం ఖమ్మంలో రెండో బ్రాంచి తెరుస్తున్నానని చెప్పింది. దానికి ఇన్‌ఛార్జి కావాలి. పైన ఉండడానికి గది, కింద సొంత కుర్చీ, చేతి కింద నలుగురు. ఆ కుర్చీకి పోటీలో నేనొకదాన్ని, నాతో పాటు పనిచేసే సింధు ఒకతె. సింధు మేడానికి దగ్గరి చుట్టం, ఇంగ్లీషు మీడియం పిల్ల, పుట్టిన దగ్గర్నుంచి నీడలో పెరిగిన చర్మం. నాకు ఉన్నదల్లా నోరు. మార్చిలో హసన్‌పర్తిలో ఒక కాలేజీలో క్యాంపు ఉందనీ, అక్కడ ఎవరు ఎక్కువ మందిని చేర్పిస్తే వాళ్లదే ఖమ్మం అనీ మేడం తేల్చేసింది.

ఆ కాలేజీలోనే ప్రేమలత కెమిస్ట్రీ లెక్చరర్. మా క్లినిక్‌కు మూడేళ్లుగా వస్తోంది. ఆమె పేరు క్యాంపు కాగితంలో చూసిన నిమిషమే నాకు ఆలోచన వచ్చింది. ఒకే ఊరు, ఒకే వారం, ఒకే మంత్రసాని. రెండు కుర్చీలు వేసి ఇద్దరినీ పక్కపక్కన కూచోబెడితే ఇంకే స్లైడ్లూ అక్కర్లేదు. మేడానికి చెప్తే, మీ అమ్మ ఒప్పుకుంటుందా అని అడిగింది. ఆమెకు చెప్పాల్సిన అవసరమేముంది అన్నాను.

మా అమ్మకు ఫోన్ చేసి ప్రేమలత మేడం కాలేజీలో మీటింగ్ ఉంది, ఇద్దరికీ ఫోటో తీస్తారు, వచ్చిపో అన్నాను. వయసు మాట ఎత్తలేదు. ఎత్తితే భయపడి రాదు. మాట్లాడేది నేను, ఆమె ఊరికే కూచుంటే చాలు అనుకున్నాను.

"ప్రేమమ్మ ఉంటదానే? నన్ను గుర్తుపడతదా?" అని రెండుసార్లు అడిగింది.

పొద్దుటి రైలుకు వరంగల్ స్టేషన్‌లో దిగింది. దిగిన మనిషిని చూసి నాకు ఒళ్లు మండింది. బతుకమ్మకు కొన్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. తలకు నూనె, ముఖానికి పసుపు, పసుపు మీద పౌడరు, నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు. ఇన్నేళ్లకు పటేలు బిడ్డను చూడబోతున్నానని తయారై వచ్చింది. ఇట్లా కూచోబెడితే ఎవరు భయపడతారు? ముందు రోజు మిరప తోట నుంచి ఎట్లా వచ్చిందో అట్లాగే రమ్మని చెప్పకపోవడం నాదే తప్పు.

స్టేషన్ బయట ఆటోలో కూచోబెట్టి, బ్యాగులోంచి మా క్లినిక్ తడి టిష్యూలు తీసి ముఖం మొత్తం తుడిచాను. నాలుగు టిష్యూలు పసుపు పచ్చగా అయ్యాయి. బొట్టు చిన్నది చేశాను. దారిలో నా గదికి తీసుకుపోయి, నేను ఇల్లు తుడవడానికి ఉంచుకున్న ఆమె పాత చీర ఒకటుంటే అది కట్టుకోమన్నాను.

"గీ చీరెకు ఏమైందే? మంచిగనే ఉన్నది గద" అన్నది.

కెమెరాకు ఆ రంగు పడదు అని అబద్ధం చెప్పాను. పెద్ద చదువులు చదివిన బిడ్డ చెప్పింది కదా అని కట్టుకుంది.

హాలులో మూడు వందల మంది ఆడపిల్లలు. స్టేజి మీద రెండు కుర్చీలు, వెనక తెర. ప్రేమలత నేత చీరలో వచ్చింది. మా అమ్మ లేచి నిలబడి రెండు చేతులూ పట్టుకోబోయింది. ప్రేమలత భుజం తట్టి, బాగున్నవా చిలుకా అని, కూచోమని సైగ చేసింది. అంతకే మా అమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

కెమెరా పట్టుకున్నది ఉదయ్. పెళ్లి వీడియోలు తీసే ముప్పై ఏళ్ల మనిషి, మాకు రీల్స్ చేసి పెడతాడు. అతను ఇద్దరి ముఖాలనూ తెర మీద పక్కపక్కన గోడంత చేసి చూపించాడు. మా అమ్మ వెనక్కి తిరిగి తెర చూసి, ప్రేమలత పక్కన ఉన్నది ఎవరా అని కళ్లు చికిలించింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర మీది మనిషి కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు. మెల్లగా ముందుకు తిరిగి, ఒళ్లో చేతులు పెట్టుకొని, తల వంచుకొని కూచుంది. ఆ తర్వాత మళ్లీ వెనక్కి చూడలేదు.

నేను మైకు తీసుకున్నాను. ఈ ఇద్దరిదీ ఒకే ఊరు, ఇద్దరికీ ఒకే వయసు, ఇద్దరికీ నలభై మూడు అన్నాను. ఒకరు ఎండ నుంచి ముఖాన్ని కాపాడుకున్నారు, ఒకరు కాపాడుకోలేదు, తేడా మీరే చూడండి అన్నాను. ప్రేమలత జీవితంలో ఒక్క పూట ఎండలో నిలబడలేదనీ, ఆ చర్మానికి మా క్రీములు చేసింది ఏమీ లేదనీ నాకు తెలుసు. హాలంతా నోరు తెరుచుకొని చూస్తోంది. ముందు వరసలో ఒక పిల్ల తన బుగ్గ తడుముకుంది. అది చూశాక నాకు ఖమ్మం కుర్చీ కనబడింది.

వెనక నుంచి ఒకతె లేచి నిజంగానే నలభై మూడా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోగా సింధు స్టేజి మీదికొచ్చి, ఆమెనే అడుగుదాం అని రెండో మైకు మా అమ్మ నోటి దగ్గర పెట్టింది. కావాలని చేసిందో, సాయం చేద్దామని చేసిందో ఇప్పటికీ తెలియదు. తెల్లకోటు, మెడలో కార్డు, ఒక చేతిలో ట్యాబ్. ఆ వేషంలో ఎదురుగా నిలబడి, అమ్మా మీ వయసెంత అని అడిగితే మా అమ్మకు ఏమనిపిస్తుంది? పింఛన్ల తనిఖీ అనిపించింది.

ఒక్కసారిగా నడుము నిటారు చేసింది. జాకెట్టులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. ఆధార్ కార్డు ఆమె దగ్గర ఎప్పుడూ ఉంటుంది.

"యాభై తొమ్మిది బిడ్డా. కార్డుల ఉన్నది, సూసుకో."

హాలు పగిలిపోయేలా నవ్వింది. సింధు కార్డు చూసి, అవును, యాభై తొమ్మిదే అని మైకులో చదివింది. ఆ వయసుకు ఆంటీ బాగానే మెయింటైన్ చేసింది అని ఎవతో అరిచింది. మళ్లీ నవ్వులు. అయితే మా ప్రేమలత మేడంకు కూడా యాభై తొమ్మిదా అని ఇంకొకతె. ఈసారి లెక్చరర్లు కూడా నవ్వారు. ప్రేమలత ముఖంలో రంగు మారింది. మూడేళ్ల నుంచి మా దగ్గర పెట్టిన డబ్బంతా ఆ ఒక్క నవ్వుకు కొట్టుకుపోతోంది.

"గదేంది చిలుకా, మనిద్దరం ఒక్క వారంలనే పుట్టినం గద" అన్నది. మాట మెత్తగానే ఉంది, కళ్లు మెత్తగా లేవు.

మా అమ్మ ఆమె వైపు చూసింది, కార్డు వైపు చూసింది, సింధు తెల్లకోటు వైపు చూసింది.

"ఎక్కడిది ప్రేమమ్మా. నిన్ను సంకనేసుకొని తిప్పింది నేను గాదా?"

గురువారం లేదు, ఆదివారం లేదు, కొడవలి లేదు. ఉన్న ఒక్క గొప్పనూ అంతమందిలో తన నోటితోనే కాదనేసింది. నేను నేర్పించిన పాఠం ఆమె ఎంత బాగా అప్పజెప్పిందంటే, ఇంకెవరి తల్లయినా అయితే చప్పట్లు కొట్టేదాన్ని. కానీ పిల్లలు లేచి బ్యాగులు సర్దుకుంటున్నారు. పద్మలత మేడం మూల నుంచి నన్ను చూస్తోంది. నాకు మా అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆమె ముఖం ఎట్లాగూ నాకు ఏ రోజూ పనికి రాలేదు, ఇవాళ ఒక్కరోజు పనికొస్తుందనుకుంటే దాన్ని కూడా చెడగొడుతోంది అనిపించింది. ఇది అబద్ధం చెప్పకుండా రాస్తున్నాను, అప్పుడు అట్లాగే అనిపించింది.

దగ్గరికి వెళ్లి, మైకు నోటి దగ్గర ఉంచుకొనే అన్నాను.

"అమ్మా, ఈడ పింఛన్ సార్లు ఎవలు లేరు. నీకు నలభై మూడని చెప్పు."

ఆమె నా వైపు చూసి వద్దన్నట్టు తల ఆడించింది. చాలా కొంచెం, పక్కనున్న వాళ్లకు కనబడనంత.

"ఎందుకే బిడ్డా" అన్నది.

నేను హాలు వైపు తిరిగాను. ఈమె మా అమ్మ అని చెప్పాను. అప్పటిదాకా ఆ మాట చెప్పలేదు. ఆధార్ క్యాంపులో రాసుకునే మనిషి ముప్పై ఏళ్ల మా అమ్మను చూసి నలభై ఆరు అనుకున్నాడని చెప్పాను. ఆ ముఖాన్ని చూసి రెండేళ్ల నుంచి వృద్ధాప్య పింఛన్ ఇస్తున్నారని, ఒక్క అధికారి కూడా అనుమానపడలేదని చెప్పాను. ఎండ అంటే ఇది, మీరు కాలేజీ నుంచి బస్టాపు దాకా నడిచే ఎండ కూడా ఇదే ఎండ అన్నాను. నా గొంతు వణికింది. నేను వణికించింది కొంత, దానంతట అదే వణికింది కొంత. ముందు వరసలో ఇద్దరు ఏడ్చారు. ఆ తర్వాత చప్పట్లు.

అరవై మందికి పైగా ఆ రోజే చేరారు. సింధు రాసుకోలేక నన్ను పిలిచింది.

అంతా అయ్యాక వరండాలో మా అమ్మ మెట్ల మీద కూచొని ఉంది. ప్రేమలత అటు నుంచి వెళ్తూ నా దగ్గర ఆగి, పాపం ఆమెకు కూడా ఒక సన్‌స్క్రీన్ ఇవ్వండి అని చెప్పి కారెక్కింది. మా అమ్మ లేచి నిలబడేలోగా కారు గేటు దాటింది.

"గంతమందిల చెప్పినవు" అన్నది మా అమ్మ. "ఎవలన్న పోయి సెక్రెటరీ సారుకు చెప్తె?"

హసన్‌పర్తి పిల్లలకు మన ఊరి పంచాయతీ సెక్రెటరీ ఎవరో ఎట్లా తెలుస్తది, ఫికర్ చేయకు అన్నాను. సరేనంది. సాయంత్రం రైలెక్కే ముందు ఆకుపచ్చ చీర మళ్లీ కట్టుకుంది. ఫోటో దిగావా అని ఊళ్లో అడుగుతారట.

అక్కడితో ఆగినా బాగుండేది. రెండు రోజుల తర్వాత ఉదయ్ రీల్ ఎడిట్ చేసి క్లినిక్‌కు తెచ్చాడు. నిమిషం కూడా లేదు. రెండు ముఖాలు, మా అమ్మ యాభై తొమ్మిది అనడం, నవ్వులు, నేను మైకు తీసుకోవడం, పింఛన్ సంగతి, చప్పట్లు. చూపించి, నన్ను పక్కకు పిలిచాడు.

"పింఛన్ ముచ్చట కట్ చేద్దామా? ఎనిమిది సెకండ్లే. అమ్మకు ఏమన్న ఐతదేమో."

కావాలంటే ముఖం మసక చేస్తాను అని కూడా అన్నాడు. నాకంటే అతనికే మా అమ్మ ఎక్కువ గుర్తుంది. పద్మలత మేడం విన్నది. ఆ ముక్క తీసేస్తే ఇక మామూలు వీడియోనే, అయినా నీ తల్లి, నీ ఇష్టం అంది. ఆ వెంటనే, ఖమ్మం సంగతి ఈ వారంలో తేల్చేస్తానని కూడా అంది.

నేను టీ తాగేంతసేపు ఆలోచించాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు దారి లేదు. వీడియో ఊరికి చేరుతుందని తెలుసు, మా ఊళ్లో ఫోన్ లేని ఇల్లు లేదు. పింఛన్ పోతే మా అమ్మ మే నెలలో ఎక్కడుంటుందో కూడా తెలుసు. ఎనిమిది సెకండ్లు ఒక వైపు, మా అమ్మ నీడలో పడుకునే ఎండాకాలాలు ఒక వైపు. నేను టీ గ్లాసు కింద పెట్టాను.

ఉంచు అన్నాను. మసక కూడా వద్దు, ముఖం కనబడకపోతే ఇక వీడియో ఎందుకు అన్నాను.

నాలుగు రోజుల్లో మూడు లక్షల మంది చూశారు. ఐదో రోజు మా ఊరి ఉప్పలయ్య చూశాడు. అతన్ని తిట్టడానికి కూడా నాకు నోరు రాదు. వాళ్ల అమ్మ డెబ్బై ఏళ్ల మనిషి, కట్టె పట్టుకొని నడుస్తుంది. అదే క్యాంపులో ఆమెకు ఏ పుణ్యాత్ముడో తక్కువ వయసు వేశాడు, కార్డులో ఇంకా యాభై ఐదే. మూడుసార్లు దరఖాస్తు పెట్టుకుంటే మూడుసార్లూ తిప్పి పంపారు. అట్లాంటివాడు నలభై మూడేళ్ల మనిషి పింఛన్ తీసుకుంటోందని ఆమె సొంత బిడ్డ నోట విన్నాడు. ఫోన్ పట్టుకొని నేరుగా పంచాయతీకి వెళ్లాడు.

విచారణకు వచ్చారు. మా అమ్మ అప్పుడు కూడా యాభై తొమ్మిదే అందట. కార్డు చూపించిందట. వాళ్లు వీడియో చూపించారట. తన ముఖాన్ని ప్రేమలత ముఖం పక్కన రెండోసారి చూసుకోవడం ఆ ఫోన్‌లోనే. అప్పటికీ ఆమె ఒప్పుకోలేదు. బిడ్డ ఏదో వ్యాపారానికి అట్లా చెప్పింది, చిన్నపిల్ల, దానికేం తెలుసు అని నన్నే వెనకేసుకొచ్చింది. ఇక ప్రేమలతకు ఫోన్ చేశారు. ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. మేమిద్దరం ఒకే వారం పుట్టాం, కావాలంటే నా మెమో పంపిస్తాను అంది, పంపించింది కూడా. లేకపోతే ఆమెకు యాభై తొమ్మిది అవుతుంది కదా.

పింఛన్ ఆపేశారు. కార్డులో వయసు సరిచేయించుకోమన్నారు. మా క్లినిక్‌లో ఎంతో మంది ముఖాల మీద ఎన్నో పూశాం గానీ, పదహారేళ్లు నిజంగా తగ్గిన మనిషి మా అమ్మ ఒక్కతే.

నేను ఏప్రిల్‌లో ఖమ్మం వచ్చేశాను. కుర్చీ మెత్తగా ఉంటుంది. గదికి పడమటి వైపు కిటికీ ఉంటే ముందు దానికి మందపాటి తెర వేయించాను. ఇక్కడ రిసెప్షన్ టీవీలో ఆ వీడియో రోజంతా తిరుగుతుంటుంది, శబ్దం లేకుండా. చూసి చూసి పిల్లలు లోపలికి వచ్చేసరికి నాకు అద్దం పట్టుకోవాల్సిన పని కూడా ఉండడం లేదు.

మొన్న మే పన్నెండున మధ్యాహ్నం మా అమ్మ ఫోన్ చేసింది. వెనక గడ్డపారల చప్పుడు వినబడుతోంది. ఉపాధి పనికి పోతున్నానంది. మొదటి రోజు కట్టయ్య మేస్త్రీ, ముసలిదానివి నీకెందుకు అని వెనక్కి పంపబోయాడట. పంచాయతీ నుంచి తెచ్చుకున్న కాగితం చూపించి, నలభై మూడే అని చెప్పి, తట్ట పట్టుకుందట. మట్టి గట్టిగా ఉందట. పొద్దున ఆరింటికి పోతే పన్నెండు దాటుతోందట. మా నాయిన బాగున్నాడట. నువ్వు సన్నబడ్డవా అని నన్ను అడిగింది.

ఎదురుగా పంతొమ్మిదేళ్ల పిల్ల కూచొని ఉంది. ఒక్క నిమిషం అని చేత్తో సైగ చేసి, పింఛన్ సంగతి చివరికి ఏమన్నారమ్మా అని అడిగాను. ఎన్ని రోజుల నుంచో అడగకుండా తప్పించుకుంటున్న మాట.

"నలభై మూడని రాసిండ్రు బిడ్డా. సెక్రెటరీ సారు మంచోడే. నిన్ను సూస్తె నాకే నమ్మబుద్ధయితలేదు చిలుకమ్మా, గని నీ బిడ్డనే చెప్పింది గద అన్నడు. ఇంకో పద్నాలుగేండ్లు పని చేసుకుంటె మళ్ల ఇస్తరట." ఊపిరి తీసుకొని, "పద్నాలుగేండ్లంటె ఎంతసేపు, ఐపోతయి" అన్నది.

తప్పయిపోయిందమ్మా అని చెప్పాలనుకున్నాను, అంతకంటే ఇంకేదీ చెప్పాలని లేదు. ఎదురుగా ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. నోరు తెరిస్తే, రోజుకు నలభైసార్లు ఆ కుర్చీలో కూచొని అనే మాటే వచ్చింది.

"ఎండల తిరగకమ్మా."

"సరె బిడ్డా" అని ఫోన్ పెట్టేసింది మా అమ్మ.